పది ముక్కల సెట్టు వద్దు, ఒక్క కత్తెర చాలు

ప్రశ్న: మా దోస్తుకి మిద్దె తోట అంటే పిచ్చి. వడ్డేపల్లి వైపు వాళ్ల ఇంటిపైన గులాబీలు, మల్లె, టమాట, బీర తీగ, బతుకమ్మకని బంతి, అన్నీ కుండీల్లోనే పెంచుతుంది. వచ్చే నెల ఆమె పుట్టినరోజు. తోటపని సామాను ఇద్దామని ఆన్‌లైన్‌లో చూస్తే పది పనిముట్ల సెట్టు పెట్టెతో సహా 900 రూపాయలకే ఉంది. నేను రెండు వేల దాకా పెట్టగలను. ఆమె ఇప్పటికీ వంటింటి కత్తెరతోనే కొమ్మలు కోస్తుంది, అదీ ఎడమ చేత్తో. ఏం కొనమంటారు?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ముందు ఆ సెట్టును కార్ట్‌లోంచి తీసేయండి. 900ని పది వస్తువులకు పంచితే ఒక్కోదానికి 90 రూపాయలు, ఆ ధరకు పచ్చి కొమ్మ కోసే కత్తెర ఎట్లా వస్తుందో మీరే చెప్పండి. ఫొటోలో మెరుస్తుంది గానీ రెండు వానలు పడేసరికి తుప్పు, మూడో గులాబీ కొమ్మకే రెండు బ్లేడ్ల మధ్య సందు. పెట్టె మాత్రం బాగుంటుంది, సూదీ దారం పెట్టుకోవచ్చు.

మీ డబ్బులో ఎక్కువ భాగం కొమ్మల కత్తెర మీదే పెట్టండి. షాపులో ప్రూనర్ అంటే ఇస్తారు. ఇందులో రెండు రకాలు. ఒకదాంట్లో పదునైన బ్లేడు రెండోదాని పక్కనుంచి జారుతూ కోస్తుంది, దీన్ని బైపాస్ అంటారు. రెండోది ఆన్విల్, దాంట్లో బ్లేడు వచ్చి చదునైన దిమ్మ మీద పడుతుంది. ఎండు పుల్లలకు ఆన్విల్ పర్వాలేదు గానీ పచ్చి కొమ్మను నలిపేస్తుంది, నలిగిన చోట తెగులు పట్టడం తేలిక. గులాబీ, మల్లె కత్తిరించే మనిషికి బైపాసే ఇవ్వాలి.

ఇక మీరు చివర్లో మామూలుగా అనేసిన ముక్క, ఎడమ చేయి, అసలు విషయం అదే. మామూలు కత్తెరలన్నీ కుడిచేతి వాళ్ల కోసం చేసినవి. ఎడమ చేత్తో పట్టుకుంటే కోసే చోటు బ్లేడు చాటున పడి కనిపించదు, బ్లేడ్లను మూసి ఉంచే లాక్ కూడా బొటనవేలికి అందదు. స్విట్జర్లాండ్ కంపెనీ ఫెల్కో 1945 నుంచి ఈ కత్తెరలు చేస్తోంది, వాళ్ల 9వ నంబరు మోడల్ ఎడమచేతి వాళ్ల కోసమే. బ్లేడు, స్ప్రింగు, నట్టు విడివిడిగా కొనుక్కుని మార్చుకోవచ్చు కాబట్టి ఏళ్ల తరబడి పనిచేస్తుంది, కాకపోతే మీ రెండు వేలకు అందదు. నలుగురు దోస్తులు కలిసి వేసుకుంటే మాత్రం కళ్లు మూసుకుని అదే తీసుకోండి. లేదంటే లూధియానా ఫాల్కన్ లాంటి మన కంపెనీల్లో, లాక్ పక్కన కాకుండా పిడి కింది చివర ఉన్నది వెతకండి. అది ఏ చేత్తోనైనా తీయొచ్చు, వేయొచ్చు.

వీలైతే ఆన్‌లైన్‌లో కాకుండా హన్మకొండలోనో వరంగల్‌లోనో వ్యవసాయ పనిముట్ల షాపుకెళ్లి చేత్తో పట్టుకుని చూడండి. నోట్‌బుక్ కాగితం కోయండి, బ్లేడు మొదలు నుంచి కొస దాకా చిరగకుండా తెగాలి. నట్టు దగ్గర అటూ ఇటూ ఊగకూడదు. పూర్తిగా తెరిచినప్పుడు పిడి ఆమె గుప్పిట్లో పడుతుందా అని కూడా చూడాలి. చిన్న చేతులకు ఎనిమిదిన్నర అంగుళాల కత్తెర ఇస్తే పావుగంటలో మణికట్టు లాగుతుంది. స్ప్రింగు మళ్లీ దొరుకుతుందా అని షాపాయన్ని అడగడం మరిచిపోకండి, అది ఎగిరి కుండీలో పడిందంటే ఇక దొరకదు. ప్యాకెట్ మీద ఎస్‌కె-5 అని ఉంటే అది హై కార్బన్ స్టీలు, పదును బాగా నిలుస్తుంది, సాన పట్టడమూ తేలికే, కానీ తడిపి వదిలేస్తే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆ టెన్షన్ తక్కువ. మీ దోస్తు పనిముట్లు తుడిచి పెట్టే మనిషా, కుండీ పక్కనే వదిలేసే మనిషా అన్నది మీకే తెలుసు.

మట్టి గుల్ల చేయడానికి కుర్పి మాత్రం షాపులో కొనకండి. ఊళ్లో కమ్మరి కొలిమి ఇంకా నడుస్తుంటే ఒకటి చేయించండి. మన దగ్గర కుండీల్లో ఎక్కువగా పోసేది ఎర్రమట్టే, ఎండాకాలం నీళ్లు రెండ్రోజులు తప్పితే గట్టిపడిపోతుంది, రేకు కుర్పి అక్కడే మెడ దగ్గర వంగుతుంది. లారీ కమాను పట్టీ సాగగొట్టి చేసింది వంగదు. ఇనుప తోక పిడిలోకి లోతుగా దిగిందా, పిడి మొదట్లో పొన్ను, అంటే ఇనుప కట్టు, బిగుతుగా ఉందా చూసుకోండి. కుండీల పనికి మూడు వేళ్ల వెడల్పు చాలు, తుమ్మ కర్ర పిడి పెట్టమనండి. ఇంకా డబ్బు మిగిలితే ముంజేతి దాకా వచ్చే గ్లౌజులు తీసుకోండి, గులాబీ ముళ్లకు పనికొస్తాయి.

శనివారం ఇనుము కొనొద్దని మీ ఇంట్లో పెద్దవాళ్లంటే శుక్రవారమే వెళ్లండి, వాదన ఎందుకు. కత్తి, కత్తెర చేతికిస్తే తగాదాలొస్తాయనే పట్టింపు ఆమెకుంటే పళ్లెంలో పెట్టి ఇచ్చి ఒక రూపాయి తీసుకోండి, కొనుక్కున్నట్టే లెక్క.

ప్రశ్న: మా బావగారు రిటైరై పరకాలలో రెండు వందల గజాల ఇంట్లో ఉంటున్నారు. పెరట్లో గడ్డి పెరుగుతోందని పెట్రోల్ బ్రష్ కట్టర్ ఇద్దామనుకుంటున్నా. మంచిదేనా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: వద్దండీ. ఇల్లు పోను మిగిలిన జాగాకు అది చాలా ఎక్కువ. టూ స్ట్రోక్ ఇంజన్ అయితే పెట్రోల్లో ప్రతిసారీ ఆయిల్ కొలిచి కలపాలి, చప్పుడుకు చెవులు మూసుకోవాలి, రాళ్లు ఎగురుతాయి కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. నెలల తరబడి మూలన పడేస్తే కార్బురేటర్ మొరాయిస్తుంది. నిలబడి పని చేసుకునేలా పొడుగు కర్ర ఉన్న, గడ్డి చెక్కే చిన్న దోకుడు పార ఇవ్వండి, నడుం వంచాల్సిన పని తగ్గుతుంది. కర్ర ఆయన గడ్డం ఎత్తుకు రావాలి, కాబట్టి ముందు ఆయన ఎత్తు కనుక్కోండి.