ఏడు ప్రాకారాలూ, ఒక బోడి ఎద్దూ
(కథకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: కల్పిత సామ్రాజ్యం ఒకదానిని నేపథ్యంగా తీసుకుని జానపద ఫక్కీలో నవల రాస్తున్నాను. రాజధానిని ఏడు అంతస్తుల నగరంగా ఊహించాను. అట్టడుగున కూలీలు, ఆపైన వరుసగా చేతిపనివారు, వర్తకులు, సైనికులు, పండితులు, సామంతులు, శిఖరాన చక్రవర్తి ఉంటారు. ఒక్కో అంతస్తుకు ఒక్కో రంగు రాయిని కూడా నిర్ణయించాను. చదివిన స్నేహితులు మాత్రం నగరం కనిపించడం లేదని, మెట్లు మాత్రమే కనిపిస్తున్నాయని అంటున్నారు. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ స్నేహితులు సరిగ్గానే పట్టుకున్నారు. ఏ అంతస్తులో ఎవరు ఉంటారో మీరు శ్రద్ధగా చెప్పారు గాని, తెల్లవారగానే ఏ అంతస్తు నుంచి ఏ అంతస్తుకు ఎవరు, ఏ పని మీద వెళ్తారో ఎక్కడా చెప్పలేదు. చక్రవర్తి స్నానానికి నీళ్లు శిఖరం దాకా ఎలా చేరుతున్నాయి? ఆయన ఏనుగులకు మేత ఏ గుమ్మం గుండా వస్తోంది? పండితుల వీధిలో చెత్త ఎత్తేవారు రాత్రికి ఎక్కడ పడుకుంటారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే మీ మెట్ల మీద మనుషులు నడవడం మొదలుపెడతారు.

ఏడు పొరల రాజధానిని ఊహించడానికి మనవారు దూరం వెళ్లనక్కరలేదు. నేటి అఫ్ఘానిస్తాన్‌లోని హీరాత్ నుంచి షారుఖ్ పాదుషా రాయబారిగా 1443లో విజయనగరానికి వచ్చిన అబ్దుల్ రజాక్, ఆ నగరానికి ఒకదానిలో ఒకటిగా ఏడు కోటలున్నాయని రాశాడు. అన్నిటికంటె బయటి కోట ముందు నిలువెత్తు రాళ్లను సగం భూమిలో పాతి, గుర్రపు దండుగాని కాల్బలంగాని ఒక్క ఊపున మీదికి రాకుండా దగ్గర దగ్గరగా నిలబెట్టారట. అయితే నన్ను ఆకట్టుకున్నది ఆ రాళ్లు కాదు, దాని తరువాతి మాట. మొదటి మూడు ప్రాకారాల నడుమ ఆయన చూసినవి పొలాలు, తోటలు, ఇళ్లు. అంగళ్ల రద్దీ మూడవ ప్రాకారం దాటిన తరువాత మొదలై ఏడవదానిలోని రాజమందిరం వరకు సాగింది. అంటే ఆ మహాసామ్రాజ్యపు రాజధానిలో మొదటి పొర వరిమడి. శత్రువు బయట విడిది చేసినా లోపల పంట పండాలన్న ముందుచూపు అందులో ఉంది. మీ ఏడు అంతస్తులలో ఒక్కచోటయినా మడి లేదు, పాడి లేదు. ముట్టడి వస్తే మీ చక్రవర్తి వారం రోజులయినా నిలవలేడు.

ఇక గుమ్మాల సంగతి. గుమ్మమంటే కాపలావాడు, బల్లెం, “ఎవరు నువ్వు?” అన్న గద్దింపు మాత్రమే అన్నట్లు మన కథల్లో రాస్తుంటాం. 1535 ప్రాంతాల విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ దృష్టిలో గుమ్మం ఒక వ్యాపారం. నాగలాపురం, అంటే నేటి హోస్పేట, నుంచి రాజధానికి వచ్చే దారిలోని ఒక గుమ్మాన్ని ఏడాదికి 12,000 పర్దావులకు, అంటే వరహాలకు, గుత్తకు ఇచ్చేవారనీ, గుత్తదారు అడిగినంత చెల్లించనిదే స్వదేశీయుడైనా విదేశీయుడైనా లోపలికి అడుగు పెట్టలేడనీ ఆయన రాశాడు. నగరానికి కావలసిన సరుకంతా బయటి నుంచి పెరికెడ్ల మీదనే రావాలి. రోజుకు 2,000 ఎడ్లు ఆ గుమ్మాలు దాటేవనీ, ఒక్కొక్క ఎద్దుకు ఇంత అని సుంకం ఉండేదనీ, కొమ్ములు లేని బోడి ఎడ్లకు మాత్రం రాజ్యంలో ఎక్కడా సుంకం లేదనీ కూడా ఆయనే చెప్పాడు. ఈ మినహాయింపుకు కారణం ఆయన చెప్పలేదు. చెప్పకపోవడమే మీకు మేలు. మీ నవలలో మొదటి ప్రకరణం తీసేసి, పొద్దు పొడవకముందే అట్టడుగు గుమ్మం ముందు ఒక బోడి ఎద్దును తోలుకొచ్చిన మనిషిని నిలబెట్టండి. దాని కొమ్ములు పుట్టుకతో లేవా, నిన్న రాత్రి కోశారా అని గుత్తదారు తడిమి చూస్తుంటే, మీ ఏడు అంతస్తుల పాలన ఎలాంటిదో పాఠకుడికి ఆ ఒక్క చేతి స్పర్శలో తెలిసిపోతుంది.

ప్రశ్న: హంపీకి వెళ్లి రెండు రోజులు తిరిగినా ఏడు ప్రాకారాలు నాకు కనిపించలేదు. అబ్దుల్ రజాక్ చెప్పినది అతిశయోక్తి అనుకోవచ్చా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఉల్లిపాయ పొరల్లాగా చక్కటి ఏడు వలయాలను వెతికి ఉంటారు. అలాంటివి అక్కడ కనిపించవు. ఉత్తరాన తుంగభద్ర, చుట్టూ బండరాళ్ల గుట్టలు ఉన్న ఆ చోట, గుట్టకూ గుట్టకూ నడుమ ఉన్న సందులను గోడలతో పూడ్చుకుంటూ పోయారు. గోడ ఎక్కడ ఆగిందో, కొండ ఎక్కడ అందుకుందో చెప్పడం కష్టం. భీమద్వారం వంటి గుమ్మాల దగ్గర దారి నేరుగా లోపలికి పోదు, మలుపు తిరుగుతుంది. వేగంగా వచ్చిన ఏనుగయినా, గుర్రమయినా అక్కడ తగ్గవలసిందే. 1520 ప్రాంతాల వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, కొండెక్కి చూసినా ఊరంతా కనబడలేదని, కనబడినంత మేరకే రోము నగరమంత ఉందని రాశాడు.

నేటి పండితులు ఆ శిథిలాలను ఆలయాల ప్రాంతం, జనావాసం, రాజప్రాసాదాల ఆవరణ అని విడదీసి చూస్తారు. ఆలయాల ప్రాంతానికీ జనావాసానికీ నడుమ తురుత్తు కాలువ పారే పల్లం ఉంది. ఆనాటి ఆ కాలువ కింద ఇప్పటికీ వరి, అరటి పండుతున్నాయి. ప్రాకారాల లెక్క తేలలేదని బాధపడేవారు ఆ గట్టు మీద కాసేపు నడిస్తే, అబ్దుల్ రజాక్ చూసిన నగరం కొంతయినా కళ్లకు కడుతుంది.

ప్రశ్న: మన ప్రబంధాలలోని పురవర్ణనలు ఇలాంటి నగరాల కల్పనకు పనికివస్తాయా, లేక అవి ఉత్త అలంకారాలేనా?
— ఒక విద్యార్థి, హైదరాబాదు

జవాబు: పనికివస్తాయి, కాని ఒక షరతు మీద. ప్రబంధకవి కోటతో, అగడ్తతో మొదలుపెట్టి, మేడలు, నాలుగు వర్ణాలవారు, ఏనుగులు, గుర్రాలు, వారకాంతలు, పూలమ్మే పుష్పలావికలు, తోటలు, చివరికి పిల్లగాలి దాకా మనల్ని చేయి పట్టి నడిపిస్తాడు. బయటి నుంచి లోపలికి, రాతి నుంచి గాలికి సాగే ఈ క్రమం పొరల నగరాన్ని చూపించడానికి ఎంతో అనువైనది. పుష్పలావికలు కేవలం కవిసమయమని, అంటే కవులు ఆనవాయితీగా చెప్పే మాట అని కొట్టిపారేసేవారు, ఈ జనం గులాబీలు లేకుండా బతకలేరని, అన్నమెంత అవసరమో వారికి పువ్వులూ అంత అవసరమని అబ్దుల్ రజాక్ రాసిన మాట చదవాలి.

షరతు ఏమిటంటే, ఆ వర్ణనలలో ప్రతివారూ తమ తమ పద్యంలో కదలకుండా నిలబడి ఉంటారు. ఏనుగు పద్యంలోకి వర్తకుడు రాడు, వర్తకుని పద్యంలోకి ఏనుగు రాదు. పద్యానికి అది నిండుతనమే కాని, నవలకు అది కొరత. పూలమ్మి తన పద్యం దాటి, ఏనుగుల సాల పక్కగా, సామంతుని మేడ పెరటి దిడ్డిలోంచి లోపలికి పోయేలా రాయండి. తెనాలి పాఠకురాలికి చెప్పినదే మీకూ చెబుతున్నాను.

ప్రశ్న: రాత్రి పూట ప్రతి పొర గుమ్మాన్నీ మూసేయడం నమ్మదగ్గదేనా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నిస్సందేహంగా. చైనాలో తాంగ్ చక్రవర్తుల రాజధాని చాంగాన్‌ను గోడలు కట్టిన వాడలుగా విభజించారు; సాయంత్రం భేరి మోగాక వాడల గుమ్మాలు మూసేవారు, ఆ తరువాత రాజవీధిలో దొరికినవారికి దెబ్బలు తప్పేవి కావు. అక్కడి అంగళ్లు సైతం మధ్యాహ్నం 300 భేరీనాదాలతో తెరుచుకుని, పొద్దు గుంకకముందే 300 గంటలతో మూతపడేవి. అయితే మూసిన గుమ్మాన్ని దాటడానికి మనిషే కావాలని లేదు. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చరిచిన చప్పట్లు కొండ కొన మీది బాలాహిసారుకు వినబడతాయి కదా.

ప్రశ్న: నా నగరంలో పై పొరలవారికి తెలియని పాతాళ నగరం ఒకటి ఉంది. తమ కాళ్ల కింద ఏముందో నగరవాసులు మరిచిపోవడం సాధ్యమేనా అని మా ఇంట్లోవారే ఎగతాళి చేస్తున్నారు.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇస్తాంబుల్ నగరం కింద, ఆరవ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన నీటి గిడ్డంగి ఉంది. దాని కప్పును 336 రాతి స్తంభాలు మోస్తున్నాయి. వాటిలో రెండింటికి పీఠాలుగా పాత కట్టడాల నుంచి తెచ్చిన రాకాసి తలలను, ఒకదానిని తలకిందులుగా, మరొకదానిని అడ్డంగా పెట్టారు. రాజ్యాలు మారాక ఆ గిడ్డంగి సంగతి పండితులూ పాలకులూ మరిచిపోయారు. 1540లలో పాత కట్టడాల జాడ వెతుకుతూ వచ్చిన జిల్లియస్ అనే ఫ్రెంచి పండితుడికి దాని ఆచూకీ ఇచ్చింది ఆ వీధి జనమే. వారు ఇళ్లలో నేలకు ఉన్న కంతల గుండా చేదలు వేసి నీళ్లు తోడుకుంటున్నారు, గాలం వేసి చేపలు పట్టుకుంటున్నారు. కాబట్టి మీ పాతాళ నగరాన్ని అందరూ మరిచిపోయారని రాయకండి. పండితులు మరిచిపోయారని, ఒక ముసలమ్మ మాత్రం వంటింటి మూలన పలక తొలగించి రోజూ అందులోకి చేద వేస్తుందని రాయండి.