జట్టులో పేరుంది సరే, ఆట దక్కుతోందా?

పిల్లల జట్టు ఆటల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పాపకు 6 ఏళ్లు. ఫుట్‌బాల్ శిక్షణలో చేర్చి రెండు నెలలైంది. పిల్లలంతా బంతి వెనకాల గుంపుగా పరుగెత్తడమే తప్ప ఒకరికొకరు అందించుకోవడం లేదు. ఇలాగైతే కలిసి ఆడటం ఎప్పుడు నేర్చుకుంటారు?

జవాబు: ఈ వయసులో అలాగే పరుగెత్తుతారు, కంగారు పడకండి. దొర్లుకుంటూ వచ్చే బంతి ఎటు పోతుందో, ఎంత వేగంగా వస్తోందో పోల్చుకోవడమే వాళ్లకు పెద్ద పని. దాంతోపాటు తోటి పిల్ల ఎక్కడుంది, ఖాళీ ఎక్కడుంది అని చూడటం మెల్లగా వస్తుంది. 8, 9 ఏళ్లు వచ్చేసరికి ఆ గుంపు విడిపోవడం మీకే కనిపిస్తుంది. ఈలోగా ‘నీ చోట్లో నువ్వు నిలబడు’ అని గదమాయిస్తే పాప నిజంగానే నిలబడిపోతుంది. ఆటా అక్కడే ఆగిపోతుంది.

మీరు చూడాల్సింది జట్టుకు ఎంతమంది అన్నది. అమెరికా సాకర్ సమాఖ్య 2017 నుంచి 8 ఏళ్ల లోపు పిల్లలకు గోల్‌కీపర్ లేకుండా జట్టుకు నలుగురు చొప్పున ఆడే పద్ధతి పెట్టింది. 22 మంది మధ్య తిరిగే బంతి చిన్నపిల్ల కాలికి ఎప్పుడో గానీ తగలదు. 8 మందే ఉంటే ఎటు తిరిగినా తగులుతుంది. బంతి 3వ నంబరుది ఉండాలి. పెద్దవాళ్లు ఆడే 5వ నంబరు బంతి ఇస్తే పాదం నొప్పెట్టి, తన్నడానికే జంకుతారు.

ప్రశ్న: మా బాబుకు 10 ఏళ్లు. మాట తక్కువ. నలుగురితో కలుస్తాడని జట్టులో చేర్చాం. ప్రాక్టీసుకు రోజూ వెళ్తాడు గానీ మ్యాచ్ రోజు బెంచి మీదే కూర్చోబెడుతున్నారు. ఇప్పుడు వెళ్లనని మొండికేస్తున్నాడు. బలవంతంగా పంపాలా?

జవాబు: బలవంతం వద్దు, వెంటనే మాన్పించనూ వద్దు. ముందు లెక్క తీయండి. వరసగా రెండు మ్యాచ్‌లు చూసి, బాబు ఎన్ని నిమిషాలు ఆడాడో, బంతి ఎన్నిసార్లు తాకాడో కాగితం మీద గీతలు పెట్టుకోండి. జట్టు ఆట వల్ల కలిగే మేలంతా ఆ గీతల్లోనే ఉంది. తాను ఇచ్చిన బంతి తోటివాడు అందుకున్నప్పుడు, తాను పోగొట్టుకున్న బంతి కోసం ఇంకొకడు పరుగెత్తి వచ్చినప్పుడు, కోపం వచ్చినా మింగుకుని మళ్లీ ఆటలో పడినప్పుడు పిల్లవాడు నేర్చుకుంటాడు. బెంచి మీద కూర్చుంటే ‘నేను పనికిరాను’ అన్న ఒక్క పాఠమే ఒంటబడుతుంది.

తర్వాత కోచ్‌తో మాట్లాడండి. మ్యాచ్‌కు ముందు, మ్యాచ్ అవగానే వద్దు. మర్నాడు, బాబు పక్కన లేనప్పుడు మాట్లాడండి. ‘మావాణ్ని ఎందుకు ఆడించరు’ అంటే ఆయన సమర్థించుకోవడం మొదలెడతారు. ‘సగం సమయమైనా ఆడాలంటే వాడు ఏం నేర్చుకోవాలి?’ అని అడగండి. ఈ వయసులో అందరినీ ఆడించాలని కోరడం గొంతెమ్మ కోరికేమీ కాదు. నార్వేలో క్రీడా సంస్థలు పాటించే బాలల నియమాల ప్రకారం 11 ఏళ్లు నిండే సంవత్సరం వచ్చేదాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ప్రకటించరు. గెలుపు లెక్క పక్కన పెడితే తప్ప పెద్దవాళ్లు నెమ్మదిగా నేర్చుకునే పిల్లల వంక చూడరు. ఆ నియమం మాకు చాలా ఇష్టం.

మాట తక్కువ పిల్లలకు ఒక చిన్న ఆట బాగా పనిచేస్తుంది. 8 గజాల చదరం గీయండి. ముగ్గురు అంచుల మీద, ఒకడు మధ్యలో. అంచు మీదివాళ్లు బంతి అందించుకుంటారు, మధ్యవాడు లాక్కోవాలి. నిమిషానికొకసారి మధ్యవాణ్ని మార్చండి. నియమం ఒక్కటే: బంతి పంపేముందు అందుకునేవాడి పేరు పిలవాలి. మొదట గొంతు పెగలదు. పేరు పిలవాలంటే తలెత్తి చూడాలి కాబట్టి, కాళ్ల వంకే చూసే అలవాటు కూడా దీంతోనే పోతుంది. మధ్యవాడు ఊరికే లాగేసుకుంటుంటే చదరం ఇరుకైందన్నమాట, 12 గజాలకు పెంచండి. 10 నిమిషాలు చాలు. అంతకు మించితే విసుగెత్తి పేర్లు పిలవడం మానేస్తారు.

ఇంటికి వచ్చే దారిలో మ్యాచ్ గురించి విశ్లేషణలు పెట్టకండి. ‘ఇవాళ ఎవరికి సాయం చేశావు? నీకెవరు చేశారు?’ అని అడిగి వదిలేయండి. ఒకవేళ కోచ్ పిల్లల్ని అందరి ముందూ ఎగతాళి చేసే మనిషైతే లెక్కలూ మాటలూ అక్కర్లేదు. జట్టు మార్చేయండి.

ప్రశ్న: 11 ఏళ్ల మా అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడి వచ్చాక మడమ వెనక నొప్పి అంటోంది. బెణుకు లేదు, వాపు లేదు. ఆట మాన్పించాలా?

జవాబు: ఎదిగే వయసులో ఇది తరచూ కనిపించేదే. మడమ ఎముకలో ఎదుగుదల జరిగే మెత్తని భాగాన్ని పిక్క కండరాన్ని మడమకు కలిపే స్నాయువు (గట్టి పట్టీ) లాగుతూ ఉంటుంది. ఎముక త్వరగా పొడుగై కండరం బిగుసుకుంటే, గెంతినప్పుడల్లా ఆ లాగుడు నొప్పెడుతుంది. మడమను రెండు పక్కల నుంచీ వేళ్లతో నొక్కితే నొప్పి అంటుందేమో చూడండి. అంటే గెంతులు, పరుగులు కొన్ని వారాలు తగ్గించాలి. బూటులో మడమ కింద మెత్త పెట్టించి, పిక్కలను రోజూ మెల్లగా సాగదీయించండి. బంతి విసరడం, అందుకోవడం మానక్కర్లేదు. కుంటుతుంటే మాత్రం ఆట ఆపాలి. రాత్రి నిద్రలో నొప్పి లేపినా, జ్వరం వచ్చినా, వాపు కనిపించినా డాక్టరుకు చూపించండి.

అసలు కారణం ఎక్కువసార్లు ఆట గంటల్లోనే ఉంటుంది. బడి జట్టు, బయటి శిక్షణ, వారాంతపు పోటీలు విడివిడిగా చూస్తే తక్కువే అనిపిస్తాయి. అన్నీ కూడండి. వారంలో శిక్షణ గంటలు పిల్ల వయసును దాటకూడదు, అంటే మీ అమ్మాయికి 11 గంటలు. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఉండాలి.

ప్రశ్న: ఆటలో ఇద్దరు పిల్లలు తలలు గుద్దుకున్నారు. మా వాడు కాసేపు తికమకపడి, మళ్లీ బాగానే ఉన్నానని ఆడాడు. ఫరవాలేదా?

జవాబు: మళ్లీ ఆడనివ్వడం తప్పు. తలకు దెబ్బ తగిలి తికమకపడ్డా, తల తిరుగుతోందన్నా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. పిల్లలు ఆట మీద మోజుతో బాగానే ఉందంటారు, ఆ మాట నమ్మకండి. డాక్టరుకు చూపించి, మొదటి 24 నుంచి 48 గంటలు పరుగులు లేకుండా, ఫోను, టీవీ తగ్గించి చూసుకోండి. ముందు చదువు మామూలుగా సాగాలి. తర్వాత నడక, మెల్లని పరుగు, బంతితో సాధన, ఆపైన డాక్టరు సరేనంటేనే మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు ఇవ్వండి. లక్షణాలు పెరిగితే ఆపి, కిందిమెట్టుకు రండి. మళ్లీ మళ్లీ వాంతులైనా, తలనొప్పి పెరుగుతున్నా, లేపితే సరిగ్గా లేవకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.