14వ లూయీ సూర్యుడి వేషం బొమ్మలో అసలు రంగు ఏది, కాపీ వేసేటప్పుడు దేన్ని నమ్మాలి?

మీరు అడిగింది ఇది కదా, ఫ్రాన్స్ రాజు 14వ లూయీ సూర్యుడి వేషంలో ఉన్న ఆ బొమ్మ నెట్‌లో ఒకచోట బంగారు పసుపులో, ఇంకోచోట నారింజలో, మరోచోట దాదాపు గోధుమరంగులో కనిపిస్తోంది, గ్వాష్‌తో (అంటే దట్టంగా పూసే నీటిరంగుతో) కాపీ వేద్దామంటే దేన్ని పట్టుకోవాలి అని. నేను నాటకాలకి డ్రెస్‌లు డిజైన్ చేస్తాను, ఖాళీ దొరికితే ఈ ఫ్రెంచ్ వేషాల బొమ్మలే కూర్చుని వేస్తుంటాను, ఆ అనుభవంతో చెప్తున్నా. రంగు సంగతి తర్వాత, ముందు మీ ముందున్నది ఏ రకం బొమ్మో తేల్చుకోండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఈ సూర్యుడి బొమ్మ 1653 ఫిబ్రవరి 23న పారిస్‌లో పెటీ బుర్బోన్ హాల్లో ఆడిన ‘రాత్రి’ అనే బాలేది. రాజుకి అప్పటికి 14 ఏళ్లే. రాజరికం మీద దొరలు లేచిన ఫ్రాండ్ తిరుగుబాటు పారిస్‌లో అప్పుడే సద్దుమణిగింది, చీకటంతా గడిచాక రాజు ఉదయించే సూర్యుడై స్టేజ్ మీదకొస్తే ఆ మాట ఎవరికి చెప్తున్నారో హాల్లో కూర్చున్న పెద్దలందరికీ అర్థమయ్యే ఉంటుంది. బొమ్మ ఆన్రి ద జిస్సే వర్క్‌షాప్‌దని చెప్తారు, ఇప్పుడు ఫ్రాన్స్ నేషనల్ లైబ్రరీలో ఉంది. వాళ్ల గాలికా సైట్‌లో వెతకండి, జూమ్ చేసి చూసుకోవచ్చు. పోస్టర్లు, మగ్గులు, ఫోన్ కవర్ల మీద తిరిగే బొమ్మలన్నీ దానికి కాపీలు, కాపీలకి కాపీలు, ప్రతిసారీ ఎవరో ఒకరు కాంట్రాస్ట్ పెంచుకుంటూ పోయారు.

ఇక ఆ గోధుమరంగు. అది గోధుమరంగు కాదండీ, బంగారం. ఇలాంటి బొమ్మల్లో నీటిరంగుల మీద బంగారంతో మెరుగులు దిద్దేవాళ్లు, బంగారం పొడిని జిగురునీళ్లలో కలిపి బ్రష్‌తో పెట్టేదే ఇది. చేతిలో పట్టుకుని కాస్త వంచితే మెరుస్తుంది, స్కానర్ లైట్ పడితే మాత్రం ఎండిపోయిన ఆవపిండిలా వస్తుంది, నా బొమ్మలు స్కాన్ చేసినప్పుడు కూడా ఇదే. అందుకని స్క్రీన్ మీద కనిపించే మట్టి రంగుని కలిపి పూసేస్తే బొమ్మ చచ్చిపోతుంది. నేనైతే ముందు పల్చగా ఎల్లో ఓకర్ వేసి పూర్తిగా ఆరనిచ్చి, పైన బంగారు రంగు పెట్టి, నీడలు మాత్రం బ్రౌన్ ఇంక్‌తో సన్నగా గీతలు గీస్తాను. బంగారం అంతా పులిమెయ్యకండి, ఛాతీ మీది సూర్యుడు, మోకాళ్ల దగ్గర, బూట్ల మీద కిరణాలు, తల చుట్టూ కిరణాలు, ఈ చోట్ల మాత్రం గట్టిగా పెట్టండి, మిగతాచోట ఓకరే చాలు. పూర్తయ్యాక ఫోటో తీసేటప్పుడు లైట్ పక్కనుంచి పడాలి.

ఇంతవరకూ చెప్పింది చేత్తో వేసిన రకం. రెండో రకం చెక్కిన ప్రింట్లు, అంటే రేకు మీద గీతలు చెక్కి అచ్చేసినవి, జిస్సే 1673లో పోయాక ఆయన చేసిన రాజుగారి డిజైనర్ పదవిలోకి 1674లో వచ్చిన జాఁ బెరాఁవి ఎక్కువ దొరుకుతాయి, రాజుగారి సంగీతకారుడు లుల్లీ ఒపేరాల వేషాలన్నమాట. ఇవి మామూలుగా నలుపు తెలుపులో అచ్చయ్యేవి, రంగులు తర్వాత చేత్తో వేసేవాళ్లు, అమ్మేవాళ్లో కొన్నవాళ్లో ఎవరికి నచ్చినట్టు వాళ్లు. కాబట్టి ఒకే వేషం ఒక కాపీలో నీలం, ఇంకో కాపీలో ఎరుపు ఉంటే కంగారు పడక్కర్లేదు, ఏదీ స్టేజ్ మీది రంగుకి సాక్ష్యం కాదు. గీతని నమ్మండి, రంగు మీ ఇష్టం. దీనికి ఒక గొప్ప మినహాయింపు 1662లో పారిస్‌లో ట్యూలరీ రాజభవనం ముందు జరిగిన గుర్రాల ఉత్సవం పుస్తకం. 1670లో షార్ల్ పెరో రాతతో అచ్చయింది, వర్సాయ్ లైబ్రరీలో ఉన్న కాపీకి జాక్ బాయీ అనే చిత్రకారుడు గ్వాష్‌తో రంగులు వేశాడు, ఏమి పనితనమండీ! ఆ ఉత్సవంలో ఐదు దళాలు, రోమన్లు, పర్షియన్లు, టర్కులు, ఇండియన్లు, అమెరికన్లు. రాజు రోమన్ చక్రవర్తి అయితే మన దేశం పేరు పెట్టుకున్న దళానికి నాయకుడు ఆంగియాన్ డ్యూక్. ఆ ఇండియా పేజీలు తప్పకుండా చూడండి, అందులో మన బట్ట, మన కట్టు ఎక్కడా దొరకదు, అంతా వాళ్ల ఊహే, అయినా కళ్లు తిప్పుకోలేం.

డ్రాయింగ్ దగ్గర ఒక్కటి పట్టుకుంటే మిగతావి వాటంతట అవే కుదురుతాయి, అది నడుం కింద గొడుగులా విచ్చుకున్న పొట్టి స్కర్ట్, టొనలే అంటారు. లోపల గట్టి ఆధారం ఉంటుంది కాబట్టి డాన్సర్ ఎగిరినా కిందికి జారదు, కాళ్లు మొత్తం కనబడతాయి, ఆ డాన్స్ సొగసంతా కాళ్లలోనే ఉంది మరి. చాలామంది దాన్ని మెత్తటి గుడ్డలా మడతలు పెట్టి గీసేస్తారు, అప్పుడు వేషం కాస్తా నైటీ అయిపోతుంది. అంచుల దగ్గర మడత వద్దు, బిర్రుగా ఉంచండి. పైన జరీ, వెండి లేసు, గాజు రాళ్లు ఎందుకంత దట్టంగా కుట్టేవాళ్లంటే హాల్లో ఉన్నవి కొవ్వొత్తులే, మెరవనిది వెనక వరసకి కనబడదు. తక్కువ లైటింగ్‌లో పౌరాణికాలు ఆడినప్పుడు నేనూ ఇదే చూశాను, ఖరీదైన పట్టు నల్లగా మునిగిపోతుంది, చవక చమ్కీ వెలిగిపోతుంది.

ఆడ వేషం బొమ్మ ఎంచుకుంటే తేదీ చూసుకోండి. పారిస్ ఒపేరాలో ప్రొఫెషనల్ ఆడ డాన్సర్లు వచ్చింది 1681లో, ప్రేమ విజయం అనే బాలేతో, అంతకుముందు అక్కడ ఆ వేషాలు కట్టింది మగవాళ్లే. భుజాలు వెడల్పుగా కనిపిస్తే సన్నగా దిద్దెయ్యకండి.

మొదటిసారి వేస్తున్నారు కాబట్టి సూర్యుణ్ణి పక్కన పెట్టి బెరాఁ గీతల బొమ్మ ఒకటి తీసుకోండి, బంగారం జోలికి పోకుండా టొనలే, ఈకలు సాధన చెయ్యండి. ఈకలకి ముందు తడి కాగితం మీద లేత వాష్ (నీళ్లెక్కువ కలిపిన రంగు), ఆరాక కొసల దగ్గర మాత్రం సన్న బ్రష్‌తో చుట్టలు, మధ్యలో కాడ గీయొద్దు. అయ్యాక వెనకాల ఎవరి బొమ్మ చూసి వేశారో, అసలుది ఎక్కడుందో, మీరు వేసిన సంవత్సరం ఏదో పెన్సిల్‌తో రాసిపెట్టండి, ఎందుకంటే ఫోటో నెట్‌లో పెట్టాక ఎవరో దాన్ని అసలుదే అనుకుని మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు. డ్రాయింగ్ దశలో ఫోటో ఇక్కడ పెడితే నేను చూసి చెప్తాను.