రాజు ఎవరి మాట విన్నాడు?

ప్రియమైన చెల్లెమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు పంపిన మూడు కథలూ రెండేసిసార్లు చదివాను. పదకొండు, పన్నెండేళ్ల పిల్లల కోసం బైబిల్లోని రాజుల కథలు రాయాలన్న నీ ఆలోచన నాకెంతో సంతోషం కలిగించింది. సండే స్కూల్లో మన చేతుల్లోంచి జారిపోయేది ఆ వయసు పిల్లలే. నోవహు ఓడ బొమ్మకు రంగులు వేయమంటే చిన్నబుచ్చుకుంటారు, పెద్దల ఆరాధనలో కూర్చోబెడితే దిక్కులు చూస్తారు.

ముందు ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు మీద నువ్వు రాసిన కథ గురించి. చివర "కాబట్టి పిల్లలూ, మనం కూడా దేవునికి లోబడాలి" అని రాశావు. ఆ వాక్యం కొట్టివేయి. నువ్వు చెప్పదలచుకున్నది చెప్పడానికి కథలో గొర్రెలు ఉన్నాయి. శత్రువులైన అమాలేకీయుల నుంచి ఏదీ మిగుల్చుకోవద్దన్నది దేవుని ఆజ్ఞ. సౌలు వాళ్ల రాజైన అగగును, మందల్లో మేలైనవాటిని ఉంచుకుని, సమూయేలు కనబడగానే "యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను" అన్నాడు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే వెనక గొర్రెలు అరుస్తున్నాయి. మరి నాకు వినబడుతున్న ఈ అరుపులేమిటని ముసలి ప్రవక్త అడిగాడు. ఇంత గొప్ప ఘట్టాన్ని నువ్వు "సౌలు మంచి పశువులను దాచుకున్నాడు" అని ఒక్క ముక్కలో దాటేశావు. అక్కడ ఆగు. దుమ్ము లేవనీ, ఎడ్లు రంకె వేయనీ. ఒక వేసవి వి.బి.ఎస్.లో (సెలవుల బైబిల్ బడిలో) నేను ఈ కథ చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి, "టీచర్, గొర్రెలను దాచినా వాటి నోరు మూయలేం కదా" అన్నాడు. ఆ రోజు పాఠం అంతటితో ఆపేశాను. నేను చెప్పాల్సింది ఇంకేమీ మిగలలేదు.

తర్వాత సౌలు ఒప్పుకున్న మాట చూడు. జనులకు భయపడి వారి మాట విన్నానన్నాడు. అందరికంటే భుజాలకు పైన ఎత్తు ఉన్న మనిషి అతను! పక్కబెంచీ వాళ్లు నవ్వుతారని తప్పని తెలిసిన పని చేసిన పన్నెండేళ్ల పిల్లకు ఈ భయం గురించి నువ్వు వివరించనక్కరలేదు.

మన భాషలో ఒక వరం ఉంది, దాన్ని వాడుకో. 'విధేయత' అనే మాట పిల్లలకు కంఠత వాక్యంలోనే తగులుతుంది. ఇంట్లో మాత్రం "మాట విను" అంటాం. వినడమూ లోబడడమూ మనకు ఒకటే మాట. హెబ్రీ భాషలో 'షెమా' కూడా అంతే. రాజుల కథ ఏది రాసినా, ఈ రాజు ఎవరి మాట విన్నాడు అని ముందు నిన్ను నువ్వు అడుగు.

యూదా రాజు యోషీయా గురించి, ఎనిమిదేళ్లకే రాజయ్యాడన్న ముచ్చటతో సరిపెట్టావు. అసలు కథ అతని ఏలుబడి 18వ ఏట ఉంది. మందిరం బాగుచేయిస్తుంటే ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. యాజకుడు హిల్కీయా ఇస్తే లేఖికుడు షాఫాను తెచ్చి చదివాడు. విన్న రాజు బట్టలు చింపుకున్నాడు. ఇప్పుడు అతని కొడుకు యెహోయాకీమును పక్కన నిలబెట్టు. శీతకాలపు రాజభవనంలో, ఎదురుగా కుంపటి మండుతుండగా, ప్రవక్త యిర్మీయా పలికిన మాటలున్న గ్రంథపు చుట్టను చదివిస్తున్నారు. మూడు నాలుగు పుటలు చదవగానే అతను చాకుతో ఆ భాగం కోసి నిప్పుల్లో పడేస్తున్నాడు. వద్దని బతిమాలినవారిలో షాఫాను కొడుకు గెమర్యా కూడా ఉన్నాడు. తండ్రి బట్టలు చింపుకున్నాడు, కొడుకు గ్రంథాన్నే కోశాడు.

ఒక లెక్క వేసి చూడు. యోషీయా 31 ఏళ్లు ఏలాడు. అతను చనిపోయిన ఏడాదే, మూడు నెలలు ఏలిన ఇంకో కొడుకు తర్వాత, యెహోయాకీము 25 ఏళ్ల వయసులో రాజయ్యాడు. అంటే గ్రంథం దొరికిన నాటికి అతనికి ఇంచుమించు పన్నెండేళ్లు! నీ పాఠకుల వయసే. తండ్రి ఏడ్చిన సంగతి ఆ పిల్లవాడి చెవిన పడకుండా ఉంటుందా? ఆ ఊహ లేఖనంలో లేదు కాబట్టి కథలో దాన్ని ప్రశ్నగానే ఉంచు. నీ ఊహనూ వాక్యాన్నీ కలిపేయకు, పిల్లలు రెండింటినీ వాక్యమనే నమ్ముతారు.

ఇంకొక్కటి, ఇది గట్టిగానే చెబుతాను. దేవుని మాట వినడమంటే పెద్దవాళ్లు ఏం చెప్పినా తలూపడమని మన పాఠాల్లో తెలియకుండానే దూరిపోతుంది. అది తప్పు, ప్రమాదం కూడా. యోషీయా చెడ్డ రాజైన తన తండ్రి ఆమోను దారిన నడిచి ఉంటే అతని గురించి మనం రాసేవాళ్లమే కాదు. ఏడేళ్లకు రాజైన యోవాషు, యాజకుడు యెహోయాదా బతికున్నంత కాలం బాగానే ఉన్నాడు. ఆయన పోయాక యూదా అధిపతులు వచ్చి వంగి నమస్కరిస్తే వాళ్ల మాట విన్నాడు. చివరికి తనను కాపాడిన యెహోయాదా కొడుకునే మందిర ఆవరణంలో రాళ్లతో కొట్టించాడు. పెద్దమనిషి నీడలో నడవడమూ దేవుని మాట వినడమూ ఒకటి కాదని పిల్లలకు ఇంతకంటే బాగా చూపే కథ నాకు తెలియదు. దీన్ని నువ్వు తప్పక రాయాలి.

లోబడితే మార్కులొస్తాయి, ఆయుష్షు పెరుగుతుంది అని మాత్రం ఎక్కడా రాయకు. యోషీయా 39 ఏళ్లకే మెగిద్దోలో బాణం తగిలి కన్నుమూశాడు. సౌలు కథలో ఆ ఆజ్ఞ ప్రకారం చంపబడిన అమాలేకీయుల పిల్లలేం చేశారని ఎవరైనా అడిగితే విసుక్కోకు. నాకూ అది బరువైన చోటే అని నిజం చెప్పు. ఆ ప్రశ్న అడిగిన పిల్ల శ్రద్ధగా విన్నట్టే.

సౌలు కథ మళ్లీ రాసి పంపు. ఈసారి గొర్రెల అరుపుతో మొదలుపెట్టు.

ప్రేమతో,
మీ అక్కయ్య