గ్లాసులో గెంతే తెల్ల నలుసులు

ప్రశ్న: మాస్టారూ, మా వెనామీ రొయ్యల చెరువు నీళ్లు గ్లాసులో పట్టి వెలుతురులో చూస్తే తెల్లటి నలుసులు గెంతుతున్నాయి. ఇవి ఆల్గేని (నీటికి రంగిచ్చే సన్నటి నాచుని) ఊడ్చేసి నీటి రంగు పోగొడతాయని, మందు కొట్టేయమని ఒకాయన అంటున్నాడు. సీడ్ (రొయ్యపిల్లలు) వదిలి వారమే అయింది, టెన్షన్‌గా ఉంది. ఇవి దొరికిందల్లా తినేస్తాయా?
– ఒక రైతు, కాట్రేనికోన

జవాబు: ముందు ఆ మందు పక్కన పెట్టండి. మీరు చెప్పిన గెంతుల్ని బట్టి అవి కోపీపాడ్లు అయ్యుండాలి. రొయ్యకు దూరపు చుట్టాలు. వాటిని చంపే మందు రొయ్యపిల్లని మాత్రం ఎందుకు వదులుతుంది? పైగా మీ సీడ్‌కి అవి మంచి మేత.

దొరికిందల్లా తినవు. కోరంగి పాయల్లో సన్నని వల లాగి, ఆ నీటి చుక్కని మైక్రోస్కోపు కింద మా విద్యార్థులకి చూపించేవాణ్ణి. మిల్లీమీటరు ప్రాణి. నోటి దగ్గరి నూగు కాళ్లు ఆడిస్తూ నీటిని తనవైపు లాక్కుంటుంది. ఆ సైజు ప్రాణికి నీళ్లు తేనెంత చిక్కన, జల్లెడ పట్టినట్టు వడగట్టడం కుదరదు. అందుకే పనికొచ్చే కణం దగ్గరకొస్తే దాన్ని చుట్టూ ఉన్న నీటితో సహా ఒడిసిపట్టి, రుచి నచ్చకపోతే విదిలించేస్తుంది. 1978లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఒకే సైజు పూసలు రెండు రకాలు ఇచ్చారు. ఆల్గే రసం పట్టించినవే ఎక్కువ తిన్నాయి!

మన పాయల్లో ఉండే అకార్షియా అనే కోపీపాడ్ అయితే వేటాడుతుంది కూడా. కదలకుండా తేలుతూ, సిలియేట్ అనే ఏకకణ జీవి ఈదే అలికిడి మీసాలకు తగలగానే దూకి పట్టుకుంటుంది. డయాటమ్‌ల (ఒక రకం ఆల్గే) కంటే సిలియేట్లలో మాంసకృత్తులు ఎక్కువ. అవి బాగా దొరికినప్పుడు, పక్కన డయాటమ్‌లున్నా సిలియేట్ల మీదే పడుతుంది. ఆ సిలియేట్లు తినేది సన్నటి ఆల్గేని. అంటే ఆ మేరకు మీ ఆల్గే మిగిలినట్టే. అయిదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఆల్గే ఎలాగూ పెద్ద కోపీపాడ్లకు సరిగా చిక్కదు.

కోపీపాడ్లు డయాటమ్‌లనూ తింటాయి, కాదనను. డయాటమ్‌ది గాజులాంటి సిలికా పెంకు. దాన్ని పగలగొట్టడానికి కోపీపాడ్లలో చాలా రకాలకి దవడ పళ్ల మీద కూడా సిలికా తొడుగే ఉంటుంది. మైక్రోస్కోపులో ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

గ్లాసు నిండా ఇవే కిటకిటలాడుతూ, నీళ్లు రోజురోజుకీ తేటపడుతుంటే మాత్రం ఆలోచించాలి. అప్పుడైనా ఎరువు, ఖనిజాల సంగతి చూడకుండా తప్పంతా వీటి మీద వేయకండి. సిలికా చాలకపోతే డయాటమ్‌లు వాటంతటవే తగ్గిపోతాయి. రోజూ ఒకే వేళకి సెక్కీ డిస్క్ (నీటి తేట కొలిచే పళ్లెం) దించి, అది కనబడకుండా పోయే లోతు రాసుకోండి. ఆ అంకెలు, నీటి రంగు ఎలా ఉందో రాసి పంపితే చూసి చెబుతాను.