ఆటగాడిగా పెద్ద పేరు లేనివాడు గొప్ప కోచ్ కాగలడా?

కాగలడా ఏమిటండీ, అలాంటివాడే అవుతాడు. మూడేళ్లు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో బెంచీ అరగదీసినవాణ్ణి, ఆ హక్కుతో చెబుతున్నా.

కృష్ణా జిల్లాలో ఇంజనీరింగ్ చదివేవాణ్ణి. ఎండకి కాళ్లు కాలిపోయే సిమెంటు కోర్టు, వల లేని రింగు. పన్నెండుమందిలో నేను పన్నెండోవాణ్ణి. నీళ్ల సీసాలు, టవళ్లు నా శాఖ. ఒక సెమీఫైనల్లో అవతలి జట్టు పొడుగు కుర్రాడొకడు మావాళ్లని ఉతికి ఆరేస్తున్నాడు. పని లేక చూస్తూ కూర్చున్నాను కదా, ఒకటి పట్టుబడింది. వాడు ప్రతిసారీ కుడివైపుకే తిరుగుతున్నాడు, ఎడమచేత్తో బంతి కొట్టడమే రాదు. హాఫ్‌టైమ్‌లో మా పీడీ సారు దగ్గరికెళ్లి "సార్, వాణ్ణి ఎడమవైపుకి తోలితే చాలు సార్" అన్నాను. ఆయన తల కూడా తిప్పలేదు. "ముందు నీళ్లు పట్టుకురారా" అన్నారు. పట్టుకొచ్చాను. పదకొండు పాయింట్లతో ఓడాం. ఆ సారు ఒకప్పుడు స్టేట్ ఆడినాయన, ఆయనకి బెంచీ ఎలా ఉంటుందో ఎన్నడూ తెలీదు.

అందుకే అమెరికా ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఆడి, తర్వాత కోచ్ అయిన స్టీవ్ కెర్ అంటే నాకు పక్షపాతం. జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1988లో, 50వ పేరు అతనిది. 15 సీజన్లు ఆడితే సగటు మ్యాచ్‌కి 6 పాయింట్లు. అయినా షికాగోతో మూడు, శాన్ ఆంటోనియోతో రెండు టైటిళ్లు. 1997 ఫైనల్స్‌లో జోర్డాన్ పాస్ ఇస్తే కొట్టిన షాట్ గురించి అందరూ చెబుతారు. నాకు 2003 ఇష్టం. శాన్ ఆంటోనియోకి డల్లాస్‌తో ఆరో మ్యాచ్, జట్టుని నడిపించే టోనీ పార్కర్‌కి ఒంట్లో బాగోలేదు. ఆ ప్లేఆఫ్స్‌లో, అంటే టైటిల్ కోసం ఆడే చివరి రౌండ్లలో, దాదాపు కూర్చునే ఉన్న కెర్‌ని దింపారు. 37 ఏళ్ల మనిషి చల్లటి ఒంటితో లేచొచ్చి దూరంనుంచి కొట్టే మూడు పాయింట్ల షాట్లు నాలుగు వేస్తే నాలుగూ పడ్డాయి. అన్నాళ్లూ కూర్చుని నిద్రపోయాడనుకుంటున్నారా?

ఇక 2015. కెర్ కోచ్‌గా అదే మొదటి ఏడు. అతని జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ టైటిల్ చూసి నలభై ఏళ్లు. క్లీవ్‌లాండ్‌తో ఫైనల్స్‌లో 2-1తో వెనకబడ్డారు. నిక్ యూరెన్ అని కోచ్‌ల దగ్గర పనిచేసే 28 ఏళ్ల కుర్రాడు, అంతకుముందు ఏడాది ఫైనల్స్ వీడియోలు ముందేసుకుని, మన ఏడడుగుల బోగట్‌ని కూర్చోబెట్టి ఇగ్వడాలాని మొదటే దింపుదాం అన్నాడు. ఇగ్వడాలా ఆ సీజనంతా బెంచీ మీదనుంచే వచ్చినవాడు. అంతకుముందు పదేళ్లు ఆడిన ప్రతి మ్యాచ్‌లో మొదటినుంచీ దిగినవాణ్ణి అలా కూర్చోడానికి ఒప్పించింది కూడా కెరే. ఒక బెంచీవాడు అడిగితే తప్ప ఆ మాట చెల్లదు.

కెర్ ఆ కుర్రాడి మాట విన్నాడు. నాకు నీళ్లు తెమ్మన్నట్టు అతనికి చెప్పలేదు.

ఆ సాయంత్రం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో మా స్నేహితుడింట్లో చూస్తున్నాం. మొదలవగానే 7-0తో వెనక. "ఒరేయ్, మీ కెర్‌కి మతిపోయింది, పొడుగువాణ్ణి తీసేస్తాడా!" అని వాడు దోసె పళ్లెం బల్లమీద విసిరికొట్టాడు. 103-82తో వారియర్స్ గెలిచారు, ఆ తర్వాత రెండూ గెలిచి టైటిల్ కొట్టారు. ఫైనల్స్ ఎంవీపీ, అంటే మేటి ఆటగాడి బహుమతి, ఇగ్వడాలాకే. ఆ ఆలోచన ఎవరిదో కెర్ విలేకరుల ముందు పేరుపెట్టి చెప్పాడు, అది నాకు టైటిల్ కన్నా గొప్పగా అనిపించింది.

ఇప్పుడు శనివారాలు పిల్లలకి నేర్పుతుంటాను. తల్లిదండ్రులందరిదీ ఒకటే ప్రశ్న, "మావాణ్ణి మొదటే ఎందుకు దింపలేదు?" అని. పదేళ్ల పిల్లాడికి బూట్లకి రెండొందల డాలర్లు పోస్తారు, పది నిమిషాలు ఆట చూడమంటే మాత్రం ఫోన్ తీస్తారు.

మ్యాజిక్ జాన్సన్ అంతటివాడు 1994లో కోచింగ్‌కి దిగి 16 మ్యాచ్‌లకే దండం పెట్టేశాడు. ఫిల్ జాక్సన్ న్యూయార్క్ బెంచీ మీదనుంచి వచ్చి కోచ్‌గా 11 టైటిళ్లు పట్టుకుపోయాడు. గొప్ప ఆటగాడై ఉండి కోచ్‌గానూ పేరు తెచ్చుకున్న లారీ బర్డ్ పేరు ఎత్తుతారని తెలుసు, ఎత్తండి. మూడు సీజన్లకే మానేశాడుగా.