నార్తర్న్ లైట్సా, అర్ధరాత్రి సూర్యుడా? ముందు అది తేల్చుకోండి

ప్రశ్న: మేం నలుగురం, ఇద్దరు పిల్లలు. నార్వే ఉత్తర తీరానికి వెళ్ళాలని ఏడాదిగా అనుకుంటున్నాం. నార్తర్న్ లైట్స్ చూడాలి, అర్ధరాత్రి సూర్యుణ్ణీ చూడాలి, వీలైతే తిమింగలాలు కూడా. పది రోజులు సెలవు దొరుకుతుంది. ఏ నెల మంచిది?

జవాబు: మూడూ ఒకే ట్రిప్పులో కుదరవండి. నార్తర్న్ లైట్స్, అంటే ధ్రువాల దగ్గరి ఆకాశంలో ఆడే రంగుల వెలుగులు, వేసవిలోనూ ఉంటాయి, కాకపోతే మన కంటికి కనబడాలంటే చీకటి పడాలి. ఉత్తర నార్వేలోని ట్రోమ్సో ఊళ్ళో సుమారు మే 20 నుంచి జూలై 22 దాకా సూర్యుడు అస్తమించడు, దానికి ముందూ వెనకా కొన్ని వారాలు రాత్రి కూడా వెలుతురుగానే ఉంటుంది. అందుకే లైట్స్ కోసం వెళ్ళేవాళ్ళు సెప్టెంబరు మొదలుకుని ఏప్రిల్ మొదటి వారంలోపు వెళ్తారు. టికెట్లు చూసే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఏది కావాలో తేల్చుకోండి, పిల్లల్ని కూడా అడగండి, ఎందుకంటే నెల, ఊరు, బట్టలు, బడ్జెట్ అన్నీ ఆ ఒక్క నిర్ణయాన్ని బట్టే ఉంటాయి.

తిమింగలాలు ముఖ్యమైతే నవంబరు నుంచి జనవరి మధ్య. ఆ రోజుల్లో హెర్రింగ్ చేపల గుంపులు ట్రోమ్సోకి ఉత్తరాన ష్యెర్వోయ్ దగ్గరి ఫియోర్డుల్లోకి, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లోకి వస్తాయి, వాటిని తినడానికి ఓర్కాలూ హంప్‌బ్యాక్ తిమింగలాలూ వెనకే వస్తాయి. అయితే నవంబరు 27 నుంచి జనవరి 15 దాకా ట్రోమ్సోలో సూర్యుడు ఉదయించడు. అంటే రోజంతా చిమ్మచీకటి అని చాలామంది భయపడతారు, అలా ఉండదు. పదకొండు గంటల వేళకి దక్షిణాన కొండల వెనక గులాబీ రంగు పాకుతుంది, మిగతా ఆకాశం, మంచు, నీళ్ళు అన్నీ ఒకటే నీలంగా మారిపోతాయి, ఒంటిగంట దాటాక మళ్ళీ దీపాలు వెలుగుతాయి. ఆ రెండు గంటల కోసం మళ్ళీ వెళ్ళమన్నా నేను సంతోషంగా వెళ్తాను. కానీ చలికాలపు సముద్రంలో గంటల తరబడి పడవ ప్రయాణం, చిన్నపిల్లలకి కడుపులో తిప్పేస్తుంది, ఆలోచించుకోండి.

పిల్లలతో అయితే ఏ నెల అని నన్నడిగితే మార్చి అంటాను. నిండా మంచు ఉంటుంది, పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉంటాయి కాబట్టి పగలంతా స్లెడ్జి మీద జారొచ్చు, రాత్రి ఆకాశం చూడొచ్చు. పైగా మార్చిలోనూ సెప్టెంబరులోనూ, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర, లైట్స్ పుట్టించే అయస్కాంత తుఫాన్లు కాస్త ఎక్కువగా వస్తాయి. మార్చిలోనే లోఫోటెన్ దీవుల్లో కాడ్ చేపల వేట జోరుగా సాగుతుంది. బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చిన చేపల్ని పట్టి, తల తీసేసి, రెండేసి చొప్పున తోకల దగ్గర తాడుతో కట్టి, చెక్క దండేల మీద వేలాడదీస్తారు. ఉప్పు వేయరు. ఫిబ్రవరి నుంచి మే దాకా చలిగాలే వాటిని కట్టెలా ఎండబెడుతుంది. అక్కడి స్వోల్వేర్, హెన్నింగ్స్‌వేర్ ఊళ్ళలో ఆ దండేల మధ్య నడుస్తుంటే గాలికి చేపలు ఒకదానికొకటి తగిలి టకటకమంటాయి. అది పిల్లలకి తప్పకుండా చూపించండి.

ఇంకొక్క మాట. లైట్స్ కోసం ఒకే ఊళ్ళో కనీసం నాలుగు రాత్రులు పెట్టుకోండి. నేను మొదటిసారి రెండు రాత్రులే పెట్టుకున్నాను, రెండూ మబ్బులే, విమానం ఎక్కే రోజు పొద్దున ఆకాశం అద్దంలా ఉంది, ఆ బాధ చాలా కాలం పోలేదు. అయస్కాంత తుఫాను ఎంత బలంగా ఉన్నా మబ్బు పడితే ఏమీ కనబడదు కాబట్టి ముందు మబ్బుల సూచన చూడాలి. నార్వే వాతావరణ సంస్థ, అక్కడి ప్రభుత్వ టీవీ ఎన్ఆర్‌కే కలిసి నడిపే యర్ అనే ఉచిత యాప్ దానికి సరిపోతుంది. తీరంలో మబ్బు పట్టినప్పుడు స్థానిక గైడ్లు వానా మంచూ తక్కువ పడే షీబోట్న్ వైపు, ఫిన్లాండ్ సరిహద్దు వైపు వ్యాన్లలో తీసుకెళ్తారు.

ప్రశ్న: అమ్మకీ నాన్నకీ అరవై దాటాయి. అక్కడ మైనస్ నలభై అంటున్నారు, తీసుకెళ్ళొచ్చా?

జవాబు: ధైర్యంగా తీసుకెళ్ళండి. మీరు విన్నది లోపలి మైదానాల సంగతి. కరాష్యోక్‌లో 1886లో మైనస్ 51.4 డిగ్రీలు నమోదైంది, నార్వే రికార్డు అదే. తీరం వేరు, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల అక్కడి రేవులు గడ్డకట్టవు, ట్రోమ్సోలో జనవరి సగటు మైనస్ మూడు నాలుగు డిగ్రీలే. గాలి మాత్రం కోస్తుంది. లోపల ఉన్ని బట్టలు వేయండి, కాటన్ వద్దు, అది చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుని వణికిస్తుంది.

పెద్దవాళ్ళ విషయంలో నాకున్న టెన్షన్ అంతా జారిపడటం గురించే. తీరంలో మంచు కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది, మళ్ళీ వాన పడుతుంది, ఇలా రెండు రోజులు జరిగాక పేవ్‌మెంట్ మీద గాజులాంటి పొర, దాని మీద పల్చగా నీళ్ళు. దిగిన రోజే ఊళ్ళో బ్రోడర్ అడిగి కొనండి, రబ్బరు పట్టీకి చిన్న ఇనుప ముళ్ళుంటాయి, బూటు కింద తొడుక్కోవాలి, షాపులోకి వెళ్ళేటప్పుడు తీసేయాలి. తుంటి ఎముక విరగడం ముందు దాని ఖరీదు ఎంత!

వాళ్ళకి ఎక్కువ నడక లేకుండా తీరమంతా చూపించాలంటే ఓడ ఉంది. బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా 34 రేవుల్లో ఆగే ఈ సర్వీసు 1893లో మొదలైంది, ఇప్పుడు హుర్టిగ్రూటెన్, హావిలా అనే రెండు కంపెనీలు నడుపుతున్నాయి. మొత్తం ఎక్కనవసరం లేదు, ట్రోమ్సోలో ఎక్కి కిర్కెనెస్‌లో దిగితే రెండు రాత్రులు.

ప్రశ్న: జూన్‌లో కారు అద్దెకి తీసుకుని ఉత్తర కొసన ఉన్న నార్డ్‌కాప్ దాకా వెళ్ళాలని ఉంది. జాగ్రత్తలు?

జవాబు: మంచి నెల. నార్డ్‌కాప్‌లో మే 14 నుంచి జూలై 29 దాకా సూర్యుడు దిగడు, 307 మీటర్ల కొండ అంచున నిలబడి అర్ధరాత్రి ఎండ చూడొచ్చు, పొగమంచు కమ్మకపోతే. అందుకే ఇక్కడా ఒక రోజు అదనంగా ఉంచుకోండి. పగలైనా హెడ్‌లైట్లు వెయ్యాలి, అది చట్టం. డ్రైవర్ రక్తంలో మద్యం పరిమితి 0.02 శాతం, అంటే అసలు ముట్టుకోవద్దు. రెయిన్‌డీర్లు రోడ్డు మధ్యలో నిలబడితే హారన్ కొట్టకుండా ఆగండి, అవి అక్కడి ఆదివాసులైన సామీ కుటుంబాల జీవనాధారం, ఎండాకాలం మేతకి తీరానికి వస్తాయి. చీకటి పడదు కాబట్టి ఇంకో గంట, ఇంకో గంట అని నడుపుతూనే ఉంటారు, ప్రమాదం అక్కడే ఉంది. గడియారం చూసి ఆగండి, పడుకోవడానికి కళ్ళ గంతలు పట్టుకెళ్ళండి. టెంటు వేస్తే ఇళ్ళకి కనీసం 150 మీటర్ల దూరంలో వేయాలి. టైం మిగిలితే తూర్పున వార్డో దాకా వెళ్ళి, పడవెక్కి హోర్నోయా దీవిలో పఫిన్ పక్షుల్ని చూడండి, చాలా దగ్గర నుంచి కనబడతాయి. ఇదే నార్డ్‌కాప్ రోడ్డు చలికాలంలో అయితే చివరి 13 కిలోమీటర్లు మంచు తీసే బండి వెనక వరసలోనే వెళ్ళాలి, టైం ప్రకారం.

ప్రశ్న: వీసా ఏది? స్వాల్‌బార్డ్ కూడా కలుపుకోవచ్చా?

జవాబు: నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది, షెంజెన్ వీసా చాలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. ఖర్చు క్రోనర్లలో, కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. నార్వేకి ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. అక్కడికి వీసా అక్కర్లేదు, కానీ అది షెంజెన్ బయట ఉంది కాబట్టి అక్కడికి వెళ్ళడమంటే షెంజెన్ దాటి వెళ్ళినట్టే, తిరిగి ఓస్లోకో ట్రోమ్సోకో రావడానికి రెండో ఎంట్రీ కావాలి. దరఖాస్తులోనే డబుల్ ఎంట్రీ అడగండి.